దువ్వూరి సుబ్బారావుగారి అర్థవిచారము

2003 సెప్టెంబరు మొదలు 2013 సెప్టెంబరు వఱకు, నిండు పదేండ్లు, భారత రిజర్వు బ్యాంకు గవర్నరు పదవి తెలుగువారి చేతిలో నుండెను. మొదటి యైదేండ్లు కడప జిల్లావారైన యాగా వేణుగోపాలరెడ్డిగారును, తరువాతి యైదేండ్లు ఏలూరున జన్మించిన దువ్వూరి సుబ్బారావుగారును ఆ పీఠము నధిష్ఠించిరి. మనవారికింతటి పదవి లభించెనని మనము సంతసించితిమి. కాని యా పదవిలో వారేమి చేసిరి, ఏమి చెప్పిరి, దానివలన మన బియ్యపు బస్తా ధర యెట్లు మాఱెను అను ప్రశ్నల నడిగినవారు మనలో మిక్కిలి కొలది. పూలదండ వేయుట సులభము. పుస్తకము చదువుట శ్రమ. గొప్పవానిని గౌరవించుటకు ఆతని మాటను పరీక్షించుటకంటె మంచి మార్గము లేదని మా నమ్మకము. కావున ఈ వ్యాసమున సుబ్బారావుగారి యార్థిక భావములను కొంత విమర్శింపబూనితిమి.

ఆ పరీక్షకు మేము ఎన్నుకొన్న స్థలము ముంబయి కాదు, ఢిల్లీ కాదు. గోదావరి తూర్పు డెల్టాలోని మండపేట. కాటన్ దొర ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి ఈ ప్రాంతము వరికి పుట్టినిల్లు. ఇచ్చట బియ్యపు మిల్లుదారుడు కలడు; సార్వా దాళ్వాలకు భూమిని మక్తాకు తీసికొని సేద్యము చేయు కౌలురైతు కలడు; కోళ్ళఫారము పెట్టి మొక్కజొన్న ధరకై కనిపెట్టుకొని యుండువాడు కలడు; రోజుకూలితో బియ్యము కొని తినువాడు కలడు. ఒకే వస్తువు ధర పెరుగుట ఒకనికి లాభము, మఱియొకనికి కడుపుకోత. అర్థశాస్త్ర సిద్ధాంతము ఏదైనను ఈ నలుగురి యెదుట నిలువగలిగిననే నిలిచినట్లు.

సుబ్బారావుగారు 1949లో జన్మించిరి. ఖరగపూరు, కాన్పూరులందలి ఐఐటీలలో భౌతికశాస్త్రము చదివి, 1972లో ఐఏఎస్ పరీక్షయందు దేశమునకు ప్రథములుగా వచ్చిరి. పిమ్మట అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమభ్యసించిరి. రాష్ట్రప్రభుత్వముల కోశసంస్కరణలను గుఱించి పరిశోధించి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునుండి డాక్టరు పట్టము పొందిరి. 1993 మొదలు 1998 వఱకు ఆంధ్రప్రదేశ్ ఆర్థికశాఖ కార్యదర్శిగను, తరువాత ప్రపంచ బ్యాంకునందును, 2007, 2008 సంవత్సరములలో కేంద్ర ఆర్థికశాఖ కార్యదర్శిగను పనిచేసి, 2008 సెప్టెంబరు 5వ తేదీన గవర్నరు పదవిని స్వీకరించిరి. ఒక్క మాటలో, ప్రభుత్వపు బొక్కసము తాళముచెవిని రాష్ట్రమునందును కేంద్రమునందును పట్టుకొన్న పిమ్మట, నాణెము విలువను కాపాడు కావలివానిగా నియుక్తులైరి. వారి యనుభవమంతయు ఈ రెండు పనుల నడుమనున్న సంఘర్షణయే.

ఆ సంఘర్షణమేమో సామాన్య చదువరికి తెలియునట్లు చెప్పుదుము. ప్రభుత్వమునకు వచ్చుబడికంటె ఖర్చు హెచ్చైనపుడు తక్కువపడిన సొమ్ము అప్పుగా తేవలసియుండును. దానినే ద్రవ్యలోటు అందురు. ఆ అప్పునిచ్చువారెవరు? ముఖ్యముగా బ్యాంకులు. సుబ్బారావుగారి కాలమున బ్యాంకులు తమ డిపాజిట్లలో నూటికి సుమారు 24 రూపాయలు ప్రభుత్వ పత్రములు మొదలగువానియందుంచవలెనను నిబంధన యుండెను. ప్రభుత్వము మితిమీఱి అప్పుచేసినచో పరిశ్రమలకును వ్యవసాయమునకును మిగులు ధనము తగ్గును. లేనిచో రిజర్వు బ్యాంకే క్రొత్త ధనమును సృష్టింపవలసివచ్చును. మొదటిదానివలన వడ్డీ పెరుగును. రెండవదానివలన ధరలు పెరుగును. శాసనసభలో నెవ్వరును ఓటువేయని పన్ను ధరల పెరుగుదల. అది కూలివానివద్ద ముందుగను, ఎక్కువగను వసూలగును. ఏలయన వాని రాబడిలో నధికభాగము తిండికే చెల్లిపోవును.

ఆర్థికమాంద్యము వచ్చినపుడు ప్రభుత్వము వెనుదీయక ఖర్చుచేయవలెనని ఆంగ్లేయ పండితుడు కీన్సు 1936లో ప్రకటించిన గ్రంథముద్వారా లోకమునకు బోధించెను. బొక్కసము అదుపు తప్పినచో కేంద్రబ్యాంకు ఎంత దృఢముగా నిలిచినను తుదకు ధరలను పట్టలేదని 1981లో అమెరికా పండితులు సార్జెంటు, వాలెసు నిరూపించిరి. సుబ్బారావుగారు క్రొత్త సిద్ధాంతమును కనిపెట్టలేదు, కనిపెట్టితినని చెప్పుకొనలేదు. ఈ రెండు సత్యములు ఒకదానివెంట నొకటి ఒకే దేశమున ఐదేండ్లలో నెట్లు నడచినవో చక్రము పట్టుకొన్నవాడుగా చూచి, ఆ చూచినదానిని దాపఱికము లేక వ్రాసిరి. వారి విశేషమిదియే.

వారికీ పాఠము మొదట నేర్పినది మన రాష్ట్రమే. వారు ఆర్థికశాఖ కార్యదర్శిగానున్న ఐదేండ్లలో రెండు మహాప్రయోగములు జరిగినవి. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ప్రారంభించిన సారా వ్యతిరేకోద్యమ ఫలముగా 1993లో సారాయియు, 1995లో సమస్త మద్యమును నిషేధింపబడినవి. 1994 డిసెంబరున రెండు రూపాయల కిలో బియ్యము మరల వచ్చెను. ఒకచేత రాబడి తగ్గెను. రెండవచేత వ్యయము పెరిగెను. ఫలితమేమి? 1996లో బియ్యము ధర మూడున్నర రూపాయలాయెను. 1997లో నిషేధము సడలెను. మద్యనిషేధము తప్పుకాదు, పేదకు బియ్యమిచ్చుట తప్పుకాదు. రెండును పుణ్యకార్యములే. కాని పుణ్యమునకును లెక్క కావలెను. ఏ రాబడితో దేనిని నిలుపుదుమో ముందుగా చెప్పని సంస్కరణ మూడేండ్లలో కూలిపోవును; కూలినపుడు దానిని నమ్మి యుద్యమించిన స్త్రీలే మొదట మోసపోవుదురు. సంస్కరణాభిమానులమగు మనము ఈ సంగతిని ఇష్టము లేకున్నను గుర్తింపవలెను.

ఇక గవర్నరుగా వారి కాలమును చూతము. పదవి చేపట్టిన పదవనాడు, 2008 సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్సు అను మహాసంస్థ దివాలా తీసెను. ప్రపంచమంతట అప్పులు స్తంభించినవి. రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు స్వల్పకాలమునకిచ్చు అప్పుపై తీసికొను వడ్డీకి రెపో రేటని పేరు. ఆ అక్టోబరు మొదలు 2009 ఏప్రిలు వఱకు ఏడు నెలలలో సుబ్బారావుగారు దానిని 9 శాతమునుండి 4.75 శాతమునకు దించిరి. బ్యాంకులు రిజర్వు బ్యాంకునొద్ద నుంచవలసిన నగదు భాగమును 9 నుండి 5 శాతమునకు తగ్గించిరి. కేంద్రప్రభుత్వము కూడ పన్నులు తగ్గించి ఖర్చు పెంచెను. దేశము మాంద్యమునుండి త్వరగా తేరుకొనెను. ఈ భాగమున వారిని తప్పుపట్టువారు లేరు.

కాని వైద్యుడిచ్చిన మందును రోగము తగ్గినపిదప మానవలెను గదా! కేంద్రప్రభుత్వపు ద్రవ్యలోటు 2007–08లో జాతీయోత్పత్తిలో సుమారు రెండున్నర శాతముండగా, 2008–09లో ఆఱు శాతమునకును, మఱుసటియేడు సుమారు ఆఱున్నర శాతమునకును పెరిగెను. మూడు శాతమునకు మించరాదని మనమే 2003లో చేసికొన్న చట్టము ప్రక్కకు జరిగెను. మాంద్యము తొలగినను ఖర్చు తగ్గలేదు. 2010–11లో టోకుధరలు నూటికి పదింటికి దగ్గఱగా పెరిగినవి. ఆహారవస్తువుల ధరలు అంతకును మించినవి. అప్పుడు సుబ్బారావుగారు 2010 మార్చి మొదలు 2011 అక్టోబరు వఱకు పదుమూడుసార్లు రెపో రేటును పెంచి 8.5 శాతమునకు చేర్చిరి. వర్తకసంఘములు గోలపెట్టినవి. ఆర్థికమంత్రులు, మొదట ప్రణబ్ ముఖర్జీగారును పిదప చిదంబరముగారును, అసంతృప్తిచెందిరి. 2012 అక్టోబరున వడ్డీ తగ్గింపనపుడు, అభివృద్ధికై ప్రభుత్వము ఒంటరిగా నడవవలసివచ్చిన నట్లే నడచునని చిదంబరముగారు బహిరంగముగా పలికిరి. 2013 ఆగస్టున తమ వీడ్కోలు ప్రసంగమున సుబ్బారావుగారు దానికి చమత్కారముగా ప్రత్యుత్తరమిచ్చిరి: రిజర్వు బ్యాంకుతో విసిగి ఒంటరిగా నడువబోవు మంత్రియే, ఆ బ్యాంకు ఉన్నందుకు దేవునికి కృతజ్ఞత చెప్పు దినము వచ్చునని తమ యాశ.

ఈ పట్టుదల ఊరకే వచ్చినది కాదు. తాము పొడిగింపుమని సిఫారసు చేసిన డిప్యూటీ గవర్నరులు ఉషా థోరాట్, సుబీర్ గోకర్ణ్ గార్ల పదవీకాలమును ప్రభుత్వము పొడిగింపకపోవుట తమ స్వాతంత్ర్యమునకు చెల్లించిన మూల్యమని 2016లో ప్రకటించిన 'హూ మూవ్డ్ మై ఇంటరెస్ట్ రేట్?' అను గ్రంథమున వ్రాసిరి. అభివృద్ధి యంకెలను హెచ్చుగను ధరల యంకెలను తగ్గుగను చూపుమని ఆర్థికశాఖనుండి ఒత్తిడి వచ్చెనని 2024 నాటి 'జస్ట్ ఎ మెర్సినరీ?' అను గ్రంథమున తెలిపిరి. పదవిలోనుండి నిలుచుట యొక ధైర్యము. పదవి విడిచిన పిమ్మట లెక్కచెప్పుట మఱియొక ధైర్యము. మన దేశమున నుద్యోగులు వ్రాయు జ్ఞాపకములలో రెండవది కానవచ్చుట అరుదు. ఈ గ్రంథముల ప్రధానగుణము పాండిత్యముకంటె నిష్కపటత్వమే.

ఇంతవఱకు ప్రశంస. ఇక మా యాక్షేపణలను చెప్పుదుము.

మొదటిది: ఏ లోటును గుఱించి గవర్నరుగా వారు వాపోయిరో ఆ లోటునకు బీజము పడిన 2008 బడ్జెట్టునాటికి కేంద్ర ఆర్థికశాఖ కార్యదర్శి వారే. ఆ బడ్జెట్టునందే 60,000 కోట్ల రూపాయల రైతుఋణమాఫీ ప్రకటింపబడెను. బడ్జెట్టు మంత్రివర్గముది, కార్యదర్శి సలహాదారు మాత్రమే యని మేమెఱుగుదుము. అయినను వారి ఫిర్యాదును చదువునపుడు ఈ సంగతిని చదువరి మఱవరాదు. బొక్కసమువద్ద కూర్చున్నపుడు లోకము ఒకవిధముగను, బ్యాంకువద్ద కూర్చున్నపుడు వేఱొకవిధముగను కనబడుట మానవసహజము. అట్లగుటచేతనే ఇద్దఱు వేఱువేఱు మనుష్యులు వేఱువేఱు పీఠములలో నుండవలెనను వాదమునకు బలము కలుగుచున్నది.

రెండవది: వడ్డీని పెంచుట ఆలస్యముగా మొదలయ్యెనను విమర్శ. గడచిన సంగతులు తెలిసిన నేడు చూచినచో, మఱికొంత ముందుగను వేగముగను పెంచియుండవలసినదని వారే యొప్పుకొనిరి. నాడు తమకందిన లెక్కలు తరువాత మాఱినవని సమాధానము చెప్పిరి. ఆ సమాధానము న్యాయమే. తూకము తప్పిన తక్కెడతో తూచినవానిని దొంగయనరాదు. కాని దేశము యొక్క తక్కెడ యింత తప్పుగానుండుట ఎవరి దోషమని అడుగవలసిన బాధ్యత మనపై నున్నది.

మూడవ యాక్షేపణ అన్నిటికంటె ముఖ్యమైనది. దానికై మండపేటకు తిరిగి రావలెను. పదుమూడుసార్లు పెరిగిన వడ్డీ ఇచ్చట నెవరిని తాకెను? మిల్లుదారుని తాకెను, ధాన్యము కొనుటకు బ్యాంకులో తీసికొనిన అప్పుపై వడ్డీ పెరిగెను. వడ్డీ పెరిగినకొలది ధాన్యమును నిలువయుంచుట అతనికి భారము. కళ్ళముననే ధర తగ్గించి యడుగుట సహజము. కౌలురైతునకు బ్యాంకు అప్పు పుట్టుటయే దుర్లభము. పట్టాదారు పాసుపుస్తకము భూస్వామి పేర నుండును, అప్పును అతనికే దొరకును. కౌలుదారు షావుకారువద్ద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకొనినచో సంవత్సరమునకు 24 శాతము. ముంబయిలో రెపో రేటు 4.75 అయినను 8.5 అయినను అతని ప్రామిసరీ నోటుమీద అంకె మాఱదు. 2008 నాటి ఋణమాఫీ బ్యాంకులు, సహకారసంఘముల అప్పులకేగాని షావుకారు అప్పునకు వర్తింపలేదు. కావున అప్పు రద్దయినపుడును అతనికి మేలు కలుగలేదు. వడ్డీ తగ్గినపుడును కలుగలేదు. 2011లో రాష్ట్రశాసనసభ కౌలుదారులకు ఋణార్హత కార్డులిచ్చు చట్టము చేయుటయే ఈ లోపమునకు సాక్ష్యము. కూలిపనిచేయు స్త్రీల సంగతియు నిట్టిదే. సూక్ష్మఋణసంస్థల దౌర్జన్యములపై 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేగా, రిజర్వు బ్యాంకు మాలేగాం సంఘమును నియమించి, 2011లో వారి వడ్డీకి 26 శాతము పరిమితిని విధించెను. దేశముయొక్క వడ్డీరేటు 8 అని పత్రికలు వ్రాయుచున్న దినములలో పేదరాలికి న్యాయమని నిర్ణయింపబడిన వడ్డీ 26!

ఇంకొక విచిత్రమును గమనింపుడు. ఆహారధరల భారమునకు దేశమంతయు గగ్గోలు పెట్టుచున్న 2011లోనే, ఈ డెల్టాకు పొరుగుననున్న కోనసీమ రైతులు సార్వాపంట వేయుట మానిరి. దానికి పంటవిరామమని పేరుపెట్టిరి. ఖర్చులు కూడ రావని, కూలీలు దొరకరని, మురుగుకాలువలు పూడిపోయినవని, మద్దతుధర సైతము చేతికందదని వారి మొఱ. కేంద్రప్రభుత్వము సాధారణ రకము ధాన్యమునకు 2007–08లో బోనసుతో 745 రూపాయలుగా నున్న క్వింటాలు ధరను 2010–11కు 1000 రూపాయలకు పెంచియుండెను. అయినను బాసుమతి కాని బియ్యము ఎగుమతిని ఏండ్లతరబడి, 2011 సెప్టెంబరు వఱకు, నిషేధించి యుండుటచే మిల్లులలో బియ్యము నిలిచిపోయెను. పట్టణవాసికి ధర తగ్గించుటకై వేసిన యా సంకెల భారము డెల్టా రైతు కాలిమీద పడెను. రాష్ట్రప్రభుత్వము మోహన్ కందా సంఘమును నియమించి విచారణ జరిపించెను. పట్టణమున ధర హెచ్చు, కళ్ళమున ధర తగ్గు! పుండొకచోట, మందొకచోట నన్నట్లు, వడ్డీరేటను ఆయుధము ఈ నడిమి యగాధమును తాకనేలేదు.

దీనికి సుబ్బారావుగారి పక్షమున ప్రత్యుత్తరము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. గిడ్డంగులు కట్టుట, ఎగుమతులను విడుచుట, కాలువలను బాగుచేయుట, కౌలుదారునకు అప్పిప్పించుట రిజర్వు బ్యాంకు పని కాదు, ప్రభుత్వముల పని. ఆహారధరలు దీర్ఘకాలము పెరిగినచో కూలియు రవాణాయు పెరిగి సమస్తవస్తువుల ధరలకును నిప్పంటుకొనును. ఆ రెండవ మంటను ఆర్పుటయే వడ్డీ చేయదగిన పని. ధరల పెరుగుదల నూటికి 4 మొదలు 6 వఱకు ఉండు హద్దును మించినచో అభివృద్ధియే కుంటుపడునని వారి కాలమున రిజర్వు బ్యాంకు లెక్కవేసెను. ప్రభుత్వము తన లోటును ముందుగా తగ్గించి, ఆ మిగిలినదానిని ఋణమాఫీలకు గాక కాలువలకును గిడ్డంగులకును వెచ్చించియున్నచో వడ్డీని అంతగా పెంచవలసిన పనియే యుండెడిది కాదు. ఈ వాదమును మేమంగీకరింతుము. అంగీకరించుచునే ఒక మాట చేర్చెదము: ఆయుధము తాకని చోట గాయమున్నదని ఆయుధధారియే మొదట కేకవేయవలెను. గవర్నరుగా వారు గ్రామములకు వెళ్ళిరి, ఉన్నతోద్యోగులను పంపిరి, ఇది మెచ్చదగినది. కాని ద్రవ్యలోటు పరిమాణమును గుఱించి వారెంత గట్టిగా చెప్పిరో, వ్యయము యొక్క గుణమును గుఱించి అంత గట్టిగా చెప్పియుండిన, మండపేట కౌలురైతు కూడ ఆ మాట తనదేయని గుర్తించియుండును. లోటు ఎంత యను ప్రశ్న సగము; లోటు దేనికి అనునది తక్కిన సగము.

వారి కడపటి వేసవి కష్టకాలము. 2013 మేలో అమెరికా కేంద్రబ్యాంకు తన ధనప్రవాహమును తగ్గింతునని సూచింపగా రూపాయి జాఱి ఆగస్టు 28న డాలరునకు 68 దాటెను. సెప్టెంబరు 4న వారు పదవిని విడిచిరి. ఆ పతనమునకు కారణము ఒక్క వేసవిది కాదు. ఏండ్ల తరబడి దేశము తన శక్తికి మించి ఖర్చుచేయుటయే. వారు మాటిమాటికి హెచ్చరించినది దానినే. 2016లో పార్లమెంటు రిజర్వు బ్యాంకు చట్టమును సవరించి ధరల పెరుగుదలను అదుపున నుంచుట బ్యాంకు విధియని నిర్ణయింపగా, ఆ చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వము 4 శాతమును, హెచ్చుతగ్గులు రెండేసి శాతములకు మించకుండ, లక్ష్యముగా ప్రకటించెను. ఒకరి పట్టుదలమీద నాధారపడిన పని యట్లు చట్టమాయెను. బొక్కసమునకుమాత్రము అట్టి దృఢమైన కట్టుబాటు నేటికిని కుదురలేదు. 2003 నాటి చట్టము కలదు. అవసరమైనపుడెల్ల సడలించుకొను అలవాటును కలదు.

తుదకొక మాట. సుబ్బారావుగారి గ్రంథములు రెండును ఆంగ్లమున వ్రాయబడినవి. అర్థశాస్త్రమును తెలుగున చెప్పుట అసాధ్యమనువారికి కట్టమంచి రామలింగారెడ్డిగారి గ్రంథమే సమాధానము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమ ఉపాధ్యక్షులైన ఆయనయే విజ్ఞానచంద్రికామండలి పక్షమున అర్థశాస్త్రమును తెలుగున రచించిరి. ఆ పరిషత్తునుండియే డాక్టరు పట్టము పొందిన సుబ్బారావుగారి భావములు మండపేట గ్రంథాలయమున తెలుగున దొరకవలెనని కోరుట అత్యాశ కాదు. ధరల భారమును మోయువానికి ఆ భారమెట్లు పుట్టినదో తన భాషలో తెలిసికొను హక్కు కలదు. తెలియనంతకాలము ఎన్నికలవేళ ఎవరెంత పంచుదురను ప్రశ్ననే యడుగును. దానికి సొమ్మెక్కడిదని యడుగడు.

కావున చదువరులకు మా విన్నపమిది. రాబోవు సంవత్సరమున మీ పంచాయతి బడ్జెట్టును, మీ పురపాలక సంఘపు బడ్జెట్టును తెప్పించుకొని చదువుడు. వచ్చుబడి యెంత, అప్పెంత, కాలువకెంత, జీతములకెంత అని ఒక కాగితముమీద వ్రాసికొనుడు. ఏలూరున పుట్టిన ఈ పెద్దమనిషిని గౌరవించుటకు మన యూర నిలుపు ఏ విగ్రహముకంటెను ఆ కాగితము మేలైనది.